ఇసుకలో నేను, రోడ్డు మీద వాడు

నాయుడుపేట,
ఆదివారం.

అమ్మ పోయినాక అమ్మంతటి దానివైన లక్ష్మక్కకు, తమ్ముడు పోలయ్య పాదాలకు మొక్కి రాసుకునే ఉత్తరం.

ఇక్కడ నేను, నా కూతురు రమణమ్మ, అల్లుడు సుబ్బరాయుడు అందరం బాగున్నాము. అక్కడ నువ్వు, బావ, నా కోడలు చెంగమ్మ బాగున్నారని తలుస్తాను. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావకు దగ్గు తగ్గిందా? పొద్దున్నే చల్లగాలిలో వలల దగ్గర కూర్చోవద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పు. వినడు, అయినా చెప్పు.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాలేదని కోపంగా ఉంటావు. రాద్దామని కూర్చునేవాణ్ణి. అందరం క్షేమం అని రాసి ఆగిపోయేవాణ్ణి. నువ్వు అడిగింది చిన్న మాట కాదు కదా అక్కా. నా కొడుకు పెంచలయ్యకు కర్మ చేయించడానికి నన్ను సరే అనమన్నావు. సముద్రం మీదికి పోయిన మనిషి దొరకనప్పుడు, కన్నతండ్రి తన నోటితో సరే అనేదాకా వాడి తెడ్డుకు పంచె చుట్టి అగ్గి పెట్టకూడదని మన పాళెం కట్టుబాటు. ఎవరు పెట్టారో గాని తండ్రి నోటి మీద మోయలేని బరువు పెట్టారు. నేను సరే అంటే వాడు లేనట్టు. అననంత కాలం ఉన్నట్టే. అంతవరకు చెంగమ్మ బొట్టూ గాజులతో వాడి కోసం కూర్చుని ఉండాలి.

ఆ ఉత్తరం చెంగమ్మ చేతిరాతతోనే ఉంది. నీ ఇంట్లో చదువుకున్నది అదొక్కటే కదా. దాని అన్న పులికాటు వైపు సంబంధం చూశాడనీ, పిల్ల వయసులో ఉందనీ, నేను మాట ఇస్తే దానికొక దారి దొరుకుతుందనీ నువ్వు చెబుతుంటే, అది తల వంచుకుని రాసుకుంటూ పోయి ఉంటుంది. తన సంగతి తానే రాయాల్సి వచ్చింది. అక్కడ అక్షరాలు బాగా చిన్నవైపోయాయి. నేను చూశాను.

దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంటుంది. నేరుగా చెప్పడం నాకు చేతకాదు, నీకు తెలుసు. ఇక్కడ నేను ఎలా ఉన్నానో ముందు చెబుతాను. అందులోనుంచే వస్తుంది.

నాయుడుపేట పెద్ద ఊరే. రైలుంది, ట్రంకు రోడ్డుంది, ఎప్పుడూ లారీల మోత. సముద్రపు గాలి మాత్రం రాదు. మధ్యాహ్నం పడమటి గాలి కొడితే పెదవులు పగులుతాయి. అలల చప్పుడు లేక మొదట్లో చెవులు పోయాయేమో అనుకున్నాను. ఇప్పుడు పరవాలేదు. రమణమ్మ బాగా చూసుకుంటుంది. రాగి సంగటి చేస్తుంది, గోంగూర చేస్తుంది. చేపలు మాత్రం ఐసుగడ్డల్లో పడుకుని వస్తాయి, కళ్ళు తెల్లబడి ఉంటాయి. నాకు వాటి ముఖం చూస్తే తినబుద్ధి కాదు. దానికి చెప్పను. తింటున్నాననే చెబుతాను. నువ్వూ బెంగ పెట్టుకోవద్దు, తింటున్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే నాలుగు ఎండు నెత్తళ్ళు గుడ్డలో కట్టి పంపు.

అల్లుడిది సైకిలు షాపు. అద్దెకు ఇస్తాడు, పంచర్లు వేస్తాడు. నేనూ ఊరికే కూర్చోను. ట్యూబుకు గాలి కొట్టి, గాబులో నీళ్ళలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూడటం నా పని. నీళ్ళ వంక చూస్తూ కూర్చోవడం నాకు కొత్త కాదు కదా. ఒక్కోసారి బుడగ కనబడినా అలాగే చూస్తుండిపోతాను. అల్లుడు నవ్వుతాడు.

“మామా, అది గాబు. తుఫాను రాదులే. బిన్నా చూడు, ఆయన బండి కోసం నిలబడి ఉండాడు.”

మంచివాడు. నవ్వించాలనే అంటాడు. నేనూ నవ్వుతాను.

పరుగు మానేశావా అని అడిగావు. మానలేదు అక్కా. నేను ఇక్కడికి వచ్చినా కాళ్ళు అక్కడివే. తెల్లవారగానే లేపుతాయి.

నేను పరిగెత్తడం ఎప్పుడు మొదలైందో నీకు తెలియనిది కాదు. ఏ పనికీ కాదు, ఒట్టి సరదాకు. సముద్రం మీదికి పోని పొద్దుల్లో తడి ఇసుక మీద ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా పోయి రావడం. పెంచలయ్య మీసాలు రాకముందే నా వెంట పడ్డాడు. బావ వలలు బాగు చేసుకుంటూ, “ఏందిరా తండ్రీ కొడుకులు, ఎవురన్నా తరుముతుండారా? అప్పులోళ్ళా, ఆడోళ్ళా?” అని కేక వేసేవాడు. వాడు పరిగెడుతూనే వెనక్కి తిరిగి, “నువ్వు లేసి వస్తే చెబతాం మామా!” అనేవాడు. ఇసుకలో నన్ను ఎన్నడూ దాటలేకపోయాడు. దాటనిచ్చానా లేదా అన్నది వేరే సంగతి, దాటలేకపోయాడు.

తరువాత తోటపల్లి గూడూరు పోయి అద్దె సైకిలు నేర్చుకుని వచ్చాడు. ఇక వాడి నోట అదే మాట.

“నాయనా, రోడ్డు మీద పోతుంటే గాలి ఎట్టా కొడతాదో నీకేం తెలుసు? ఒకసారి ఎక్కు.”

“నాకు కాళ్ళుండాయి. ఇనప గుర్రం నాకెందుకు?”

“సరే పో. ఇసకలో నువ్వు, రోడ్డు మీద నేను. ఎవురి రాజ్జెం వాళ్ళది.”

అలా పంచుకున్నాడు. చెంగమ్మ వాకిట్లో నిలబడి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నా ఎదుట అది నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

వాడు సముద్రం మీద ఉండగా వచ్చిన గాలివాన తరువాత నా పరుగు సరదా కాకుండా పోయింది. వాడి తెప్పకు కట్టిన మాను ఒకటి ఒడ్డుకు వచ్చింది. వాడు రాలేదు. అప్పటినుంచి తెల్లవారగానే మొగ దాకా పరిగెత్తేవాణ్ణి, అల వచ్చి వెనక్కి పోయిన గీత మీదే కళ్ళు పెట్టుకుని. నడిస్తే కుదరదు. నేను చేరేలోపల ఇంకో అల వచ్చి వాణ్ణి మళ్ళీ తీసుకుపోతుందేమో అని భయం. పాళెంలో అందరూ ముసలాయన మళ్ళీ పరుగు మొదలుపెట్టాడు, మనసు కుదుటపడింది అనుకున్నారు. నువ్వొక్కదానివే కనిపెట్టావు. రమణమ్మను పిలిపించి, “మీ నాయన్ని తీసకపోవే. ఈడుంటే ఒకరోజు అట్టనే నీళ్ళలోకి పరిగెత్తేస్తాడు” అన్నావు. గోడ అవతల నేను విన్నాను. నీ మీద కోపం లేదు. నువ్వన్నది అబద్ధం కాదు.

ఇక్కడ ఊరి పక్కనే స్వర్ణముఖి ఏరు. వానలు లేకపోతే ఒట్టి ఇసుక. అందులోనే పరిగెడతాను. పొడి ఇసుక, కాలు దిగబడుతుంది, పిక్కలు లాగుతాయి. మన తడి ఇసుకలా కాలును పైకి నెట్టదు. ఇక్కడ మేకల గిట్టల గుర్తులు, తుమ్మ ముళ్ళు తప్ప ఏమీ ఉండవు. తెలుసు. అయినా కళ్ళు కిందికే పోతాయి.

ఆ ఏట్లో పొద్దున్నే ఇంకొక మనిషి పరిగెడతాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కాన్వాసు బూట్లు, తెల్ల నిక్కరు. ఆయనదీ సరదాయే, పందేలకు పోడు. ఒకరోజు నా పక్కకు వచ్చి అడిగాడు.

“ఏం పెద్దాయనా, ఏం పారేసుకున్నావు? ఎప్పుడు చూసినా కింద వెతుకుతుంటావు!”

“అలవాటు సార్” అన్నాను.

“మెడ ఎత్తు. కింద చూస్తే రొమ్ము ముడుచుకుపోతుంది, ఊపిరి ఆడదు.”

ఎత్తాను. కొంచెం దూరం పోగానే మళ్ళీ దిగిపోయింది. ఆయన నవ్వుతూ ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం షాపుకు వచ్చి అల్లుడితో ఈ మాటే చెప్పి నవ్వబోయాడట. అల్లుడు పెంచలయ్య సంగతి చెప్పాడు. ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అక్కడున్న సైకిలు బెల్లు ఒకసారి మోగించి వెళ్ళిపోయాడు. మరునాడు ఏట్లో నా పక్కనే పరిగెత్తాడు. ఆయన కూడా తల దించుకుని ఇసుక చూస్తూనే పరిగెత్తాడు. అక్కా, ఎవరు చేస్తారు ఆ పని? కన్నవాళ్ళు కూడా చెయ్యరు.

సైకిలు ఎక్కమన్నది ఆయనే. ఆదివారాలు ఆయన, అల్లుడు కలిసి ట్రంకు రోడ్డు మీద చాలా దూరం పోయి వస్తారు. నన్నూ రమ్మన్నారు. రమణమ్మ ఒప్పుకోలేదు.

“ఈ వయసులో పడి తుంటి ఇరిగితే ఎవురు మోస్తారు? నువ్వా?” అని మొగుడి మీద పడింది.

“చక్రాలు నా షాపుయి, కాళ్ళు మీ నాయనయి. నడాన నీకేంది?” అన్నాడు వాడు.

అది గరిటె విసిరింది. తగల్లేదు.

నేను ఎందుకు ఒప్పుకున్నానో వాళ్ళకు చెప్పలేదు. వాడి రాజ్యం ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామనిపించింది. బడి మైదానంలో అల్లుడు సీటు పట్టుకుని నేర్పించాడు. పడ్డాను. మోచేయి గీరుకుంది అంతే, బాగానే ఉన్నాను. తుమ్మ కంపలో ఒకసారి, బడి గోడకు ఒకసారి. తరువాత వచ్చేసింది. తెప్ప మీద నిలబడ్డవాడికి అదేమంత కష్టం కాదు. ఒరిగే వైపుకు ఒరగాలి, భయపడి ఎదురు తిరగకూడదు.

అయితే రెండూ కలిపి చేయడం ఎలాగో నాకు తెలియలేదు. పొద్దున ఏట్లో పరిగెత్తి, వెంటనే సైకిలు ఎక్కి చెన్నపట్నం వైపు పోయాను. తిరిగి వచ్చేటప్పుడు రైలు గేటు దగ్గర తొడ కండ ముడేసుకుని దిగలేకపోయాను, బండితో సహా ఒరిగిపోయాను. గేటు మనిషి వచ్చి లేపాడు. మరునాడు పరిగెత్తబోతే కాళ్ళు కొయ్యలు. నాకు ఏడుపొచ్చింది. సైకిలు నా పరుగును లాగేసుకుందా అనిపించింది. పరుగు పోతే వాణ్ణి వెతికేదెలా అనిపించింది. ఏట్లో దొరకడని తెలిసినా అదే అనిపించింది.

మాస్టారు నా పిక్క నొక్కి చూసి చెప్పాడు. “పెద్దాయనా, పరుగు వేరు, తొక్కుడు వేరు. దానికి పిక్కలు, దీనికి తొడలు. రెండింటికీ ఉండేది మాత్రం ఆ రెండు కాళ్ళే. ఒక పూట ఏరు, ఒక పూట రోడ్డు. ఒకదాన్ని చేసేటప్పుడు రెండోదాన్ని మర్చిపో.”

మర్చిపో అన్న మాట ఆయన ఊరికే అన్నాడు. నాకు గుచ్చుకుంది.

అయినా ఆయన చెప్పినట్టే చేశాను. ఒకరోజు ఏరు, ఒకరోజు రోడ్డు, ఆదివారం ముగ్గురం కలిసి. కాళ్ళు అలవాటు పడ్డాయి. ఆకలి కూడా వేస్తోంది. నిజంగానే తింటున్నాను.

పోయిన నెలలో ఒక ఆదివారం గూడూరు వైపు పోయాము. దారిలో ఒక వంతెన దాటగానే రోడ్డు వాలుగా దిగుతుంది. తొక్కే పని లేదు, బండి అదే పోతుంది. పక్కన వరి ఆకుపచ్చగా ఉంది. గాలి ముఖాన కొట్టింది. చొక్కా వీపు మీద తెరచాపలా లేచింది. అక్కా, నేను పెద్దగా ‘ఓ’ అని అరిచాను. పొలంలో ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. ఎవరో ముసలాయనకు పిచ్చెక్కిందని నవ్వారు. నేనూ నవ్వాను.

వాలు అయిపోయాక తాటిచెట్ల కింద ఆగాము. మాస్టారు ముంజలు కొట్టించాడు. “ఎట్టుంది పెద్దాయనా?” అన్నాడు అల్లుడి యాసను వెక్కిరిస్తూ.

“గాలి...” అన్నాను.

గాలి ఎట్టా కొడతాదో నీకేం తెలుసు అని వాడన్నది అప్పుడు వినబడింది. పొద్దున బయలుదేరినప్పటి నుంచి నేను కిందికి చూడలేదు. వాడు గుర్తు కూడా రాలేదు. గాలివాన వచ్చిన నాటి నుంచి వాణ్ణి తలచుకోని పొద్దు అదొక్కటే. తెలియగానే చేతిలో ముంజ అలాగే ఉండిపోయింది, కళ్ళు కారిపోయాయి.

“మోకాలా?” అన్నాడు మాస్టారు.

“మోకాలే సార్” అన్నాను.

అల్లుడు అటు తిరిగి టైరు గాలి నొక్కి చూసుకుంటూ నిలబడ్డాడు. టైరులో గాలి బాగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. మెల్లగా తొక్కుతూ వచ్చాను. దారంతా వాడే. పంచె ఎగ్గట్టి సైకిలు దిగేవాడు, చెమట తుడుచుకుంటూ నవ్వేవాడు, అదే ముఖం. దాన్ని అంత స్పష్టంగా చూసి ఎన్నాళ్ళో అయింది. ఒడ్డున పరిగెత్తిన ఆ పొద్దులన్నీ నేను వెతికింది వాణ్ణి కాదు అక్కా, ఒక శవాన్ని. నా రాజ్యంలో వెతికినన్నాళ్ళూ దొరకలేదు. వాడి రాజ్యంలోకి పోతే కనబడ్డాడు.

అయ్యో, ఇలా రాస్తే నువ్వు ఏడుస్తావు. ఏడవద్దు. నేను బాగున్నాను.

ఆ ఆదివారం ఇంటికి వచ్చేసరికి రమణమ్మ నీ ఉత్తరం చేతిలో పెట్టింది. రోజూ తీసి చూసుకుని మళ్ళీ మడిచి పెట్టేవాణ్ణి. ఇక చాలు.

అక్కా, సరే.

రాసేశాను. కాగితం మీద రాస్తే చెల్లదు, మన పాళెం పెద్దకాపు ముందర నోటితో అనాలి కాబట్టి నేనే వస్తాను. అమావాస్యకు ఏర్పాటు చేయమని ఆయనకు చెప్పు. బస్సుకు ఎవరినీ పంపవద్దు. సైకిలు మీదే వస్తాను. దారిలో గూడూరులో ఆగి పడుకుంటాను. నెల్లూరు దాకా మాస్టారు తోడు వస్తానన్నాడు, వద్దన్నా వినలేదు. అమావాస్యకు ముందు రోజు పొద్దుటికల్లా కాలవ దాటి మన ఒడ్డుకు చేరతాను. రోడ్డు ఆపక్కనే ఆగిపోతుంది కదా, సైకిలు పడవలో వేయించుకుంటాను.

కాలవ దాటినాక నన్ను వెంటనే ఇంటికి రమ్మని కేకలు వేయవద్దు. సైకిలు ఇసుకలో పడుకోబెట్టి మొగ దాకా ఒకసారి పరిగెత్తి వస్తాను. పోయేటప్పుడు గీత వంక చూస్తూ పోతాను. అది ఆఖరు. వచ్చేటప్పుడు మెడ ఎత్తి వస్తాను. నీళ్ళలోకి పోను. నీ మీద ఒట్టు.

వాడి తెడ్డు నా ఇంటి చూరులో దోపి ఉంది. తీసి తుడిపించు. పొడుగు తెడ్డు నాది, పిడి దగ్గర నల్లగా అరిగింది వాడిది. ఒకటి అనుకుని ఒకటి తీసేరు, చూసుకోండి. చుట్టడానికి కొత్త పంచె కొనవద్దు. వాడు సైకిలుకు పోయేటప్పుడు కట్టుకునే ఎర్ర అంచు పంచె ఉంది, చెయిను నూనె మరక పోలేదు, అదే ఉండనీ. ఇంకొక మాట. చెంగమ్మ గాజులు ఎవరూ రాయి పెట్టి పగలగొట్టకూడదు. దాని చేతులతో అదే తీసి పక్కన పెట్టుకుంటుంది. పాళెం ఆడవాళ్ళు ఏమన్నా అంటే పోలయ్య మాట అని చెప్పు. నేను ఎప్పుడూ ఎవరికీ మాట చెప్పినవాణ్ణి కాదు, ఇదొక్కటి వినమను.

బావకు నా నమస్కారాలు. పెద్దకాపుకూ వాళ్ళ ఇంటి పెద్దలకూ నా మొక్కులు చెప్పు. గంగమ్మ గుడి దగ్గర నా పేరున ఒక టెంకాయ కొట్టు. రమణమ్మ, అల్లుడు నీ దీవెన అడిగారు. నాకూ దీవెన పంపు అక్కా. తమ్ముడు ఎంత ముసలివాడైనా నీకు చిన్నవాడే.

చెంగమ్మా, ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపిస్తుంటావు. ఇక్కడి నుంచి పైకి చదవనక్కరలేదు. మామను, నీ ఎదుట నిలబడి ఇవన్నీ చెప్పలేను. పులికాటు వైపు ఆ ఇంటికి పోవడం నీకు ఇష్టమైతేనే పో. ఇష్టం లేకపోతే లేదని మీ అత్తతో చెప్పు, నేను మీ అన్నతో మాట్లాడతాను. పోతే మాత్రం మమ్మల్ని తలచుకుని ఏడుస్తూ పోవద్దు తల్లీ. వాడు నిన్ను సైకిలు మీద నెల్లూరు తీసుకుపోతానని చెప్పాడని రమణమ్మ చెప్పింది. ఆ రోజు రాలేదు. నువ్వు వెళ్ళే రోజున కాలవ అవతల నుంచి బస్సు దాకా నేను ఎక్కించుకుని పోతాను. ఇప్పుడు బాగా తొక్కుతున్నాను, పడేయను. గుచ్చుకోకుండా కారియరు మీద గోతం మడిచి కట్టించాను.

ఇట్లు,
పోలయ్య